వియ్యంకుడి పల్లం

కండక్టరమ్మ ఉద్యోగం మానేసి చాలా కాలమైనా ఆ పేరు ఆవిణ్ణి వదల్లేదు. సిటీ బస్సులో టికెట్లు కొట్టినన్నాళ్లూ ఆవిడ ఎవరితోనూ గొంతు పెంచి తగువు పెట్టుకోలేదని ఆ రూట్లో తిరిగినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను లోపలికి రప్పించడానికి మిగతా కండక్టర్లు గొంతు చించుకునేవారు. ఈవిడ మాత్రం వాళ్ల దగ్గరికి వెళ్లి నెమ్మదిగా, "మీరు అక్కడే ఉండండి నాయనా. లోపల సీట్లు రెండే మిగిలాయి, అవి పెద్దవాళ్లకి ఉంచుదాం," అనేది. మరుక్షణం అందరూ ఒకరినొకరు తోసుకుంటూ లోపలికొచ్చి పడేవారు. లోపల సీట్లేమీ ఉండేవి కావు గానీ అప్పటికే ఆవిడ తలుపు మూసేసి ఉండేది.

ఒకసారి ఒక పెద్దమనిషి రెండు సీట్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. ఆవిడ ఆయన పక్కన నిలబడి, "పాపం, ఈయనకి కాలు ముడుచుకోదట, ఎవరూ కదపకండి," అని బస్సంతా వినబడేలా చెప్పింది. తర్వాతి స్టాపు రాకముందే ఆయన బడిపిల్లాడిలా ఒద్దికగా సర్దుకున్నాడు.

భర్త అదే డిపోలో మెకానిక్కు. ఆయన పోయేనాటికి కూతురు చదువు ఇంకా పూర్తి కాలేదు. ఆ పిల్ల తర్వాత ఒక సోఫాల షాపులో పనికి చేరింది. చేరిన కొన్నాళ్లకే ఆ షాపు యజమాని కొడుకుని పెళ్లి చేసుకుంటానంది. ఆ విధంగా కండక్టరమ్మకు సోఫాలాయన వియ్యంకుడయ్యాడు.

సోఫాలాయన చెడ్డవాడు కాదు. మనిషి నిలబడి ఉంటే చూడలేడు. పోస్టు ఇవ్వడానికి వచ్చినవాణ్ణి కూడా మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పిస్తాడు. ఎవరైనా పొగిడితే వెన్నలా కరిగిపోతాడు. ఎవరైనా సలహా చెబితే మాత్రం వాళ్లకీ టీయే తెప్పిస్తాడు. టీ తాగేలోగా వాళ్లు చెప్పొచ్చిన సంగతి ఎటో వెళ్లిపోతుంది.

ఆయన షాపు పార్కు పక్క సందులో ఉంది. పార్కేమో మెయిన్ రోడ్డు మీద ఉంది. బతుకంతా సందులో సోఫాలు అమ్మిన మనిషికి రోడ్డు మీదికి రావాలని ఉండటంలో వింతేమీ లేదు. పార్కు వెనక ఆయనకు ఒక ఖాళీ నేల కూడా ఉంది. ఒకప్పుడు ఇటుకల కోసం మట్టి తవ్విన గొయ్యి అది. ఏటా వానలకు నీళ్లు నిండి, కప్పలు అందులో కాపురాలు పెట్టేవి. ఆయన దాన్ని చవగ్గా కొని, కూలగొట్టిన గోడల పెళ్లలతో నింపించి, పైన మట్టి పోయించి, రోలరు తిప్పించి, గడ్డి వేయించాడు. ఎండల్లో చూస్తే చదునుగా, బల్ల పరిచినట్టుండేది. వానల్లో ఎలా ఉంటుందో చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆయన మాత్రం వానల్లో అటువైపు వెళ్లి ఎరగడు. ఇక భయం లేదని మట్టి పోసినవాడు ఆయనకు చెప్పాడు. మట్టి పోసినవాడు చెప్పాక ఆయన ఇంకెవరి మాటా వినలేదు.

ఒకరోజు ఉదయం పార్కు గేటుకు కార్పొరేషన్ వాళ్ల నోటీసు అతికించి ఉంది. రోడ్డు వైపున్న సగం పార్కు సోఫాలాయనకు ఇస్తారు. దానికి బదులుగా ఆయన వెనక నేల మొత్తం ఊరికి ఇస్తాడు. ఊరు ఇచ్చేదాని కన్నా ఊరికి వచ్చేది ఒకటిన్నర రెట్లు పెద్దది. అభ్యంతరాలుంటే మేయరు ముందు చెప్పుకోవచ్చు.

రోడ్డు వైపు సగంలోనే చెట్లన్నీ ఉన్నాయి. పిల్లల జారుడుబల్ల, పగుళ్లిచ్చిన సిమెంటు బాట, మోకాళ్ల నొప్పుల వాళ్లు ఒక చుట్టు తిరిగి కూలబడే బెంచీలు కూడా అక్కడివే. రోజూ చెవి దగ్గర రేడియో పెట్టుకుని నడిచే ఒక రిటైరైన టీచరు ఉండేవాడు. అందరూ ఆయన్ను రేడియో మేస్టారనేవారు. ఆయన నోటీసంతా పైకి చదివి రేడియో కట్టేశాడు. ఆయన రేడియో కట్టేయడం ఎవరూ అంతకుముందు చూడలేదు.

"మన నీడ ఆయనకి, ఆయన బురద మనకి," అన్నాడు. "కండక్టరమ్మగారూ, మీరు ముందుండాలి. మీ గొంతుంటే మనకి మైకు ఖర్చు కూడా ఉండదు."

కండక్టరమ్మ నోటీసు వైపు చూసింది. అప్పటికే ఆవిడకు కూతురు గుర్తొచ్చింది.

అనుకున్నట్టే సాయంత్రం కూతురు వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"అమ్మా, ఆ పార్కంటే నీకు ప్రాణమని నాకు తెలుసు. కానీ రోజూ మామయ్యగారి ఎదురుగా కూర్చుని భోంచేసేది నేను. నువ్వక్కడ ఒక్క మాట తూలితే ఇక్కడ నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నేను మీ మామగారికి వ్యతిరేకంగా నోరు తెరవను. సరేనా?"

"నిజంగా?"

"నిజంగానే. పైగా నలుగురిలో ఆయన్నే సమర్థిస్తాను."

కూతురు హమ్మయ్య అనబోయి ఆగింది. తల్లిని పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పిల్ల.

"అమ్మా, సమర్థించడం కూడా వద్దులే. ఊరుకో చాలు."

"అదేం మాటే. వియ్యంకుడన్నాక ఆ మాత్రం మాటసాయం చెయ్యకపోతే లోకం ఏమనుకుంటుంది?"

మర్నాడు కండక్టరమ్మ సోఫాల షాపుకు వెళ్లింది. సోఫాలాయన ఎదురొచ్చి, కొత్తగా దిగిన సోఫాలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆవిడ తిట్టడానికే వచ్చిందనుకుని ఆయన ముందుగానే మొహం గంభీరంగా పెట్టుకున్నాడు.

"అన్నయ్యగారూ, నోటీసు చూశాను," అందావిడ. "ఒకటిన్నర రెట్లు. ఈ రోజుల్లో ఊరికి ఎవరు ఇంత ఇస్తారు?"

ఆయన గాంభీర్యం అక్కడికక్కడే కరిగిపోయింది. "అదే చెల్లెమ్మా, అదే నేనూ అనేది. జనానికి అర్థం కావడం లేదు."

"కాగితం మీద చదివితే ఎవరికి అర్థమవుతుందండీ? కార్పొరేషన్ హాల్లో మీటింగు పెడితే ఆ గోడలు చూసి అందరూ ఆవులిస్తారు. మీటింగేదో మీ నేలలోనే పెట్టించండి. మేయరమ్మ కళ్లారా చూస్తుంది."

"నేలలోనా?"

"ప్లాస్టిక్ కుర్చీలు కాదు సుమండీ. మీ సోఫాలు వేయించండి. మేయరుగారు కూర్చున్న సోఫా అని రేపు షాపులో చెప్పుకోవచ్చు."

సోఫాలాయన గాల్లో తేలిపోయాడు. లేచి షాపంతా కలియదిరిగి, అన్నిటికన్నా బరువైన చేవకర్ర సోఫా మీద చెయ్యి వేశాడు. దాన్ని కదపాలంటే నలుగురు కావాలి.

"ఇది బాగుంటుందా?"

"దానికి సాటేముంది అన్నయ్యగారూ. సరిగ్గా మధ్యలో వేయించండి, చుట్టూ కనబడుతుంది. ఇప్పుడు గడ్డి కాస్త ఎండిపోయి ఉంది గానీ..."

"నాలుగు వానలు పడనిద్దాం," అన్నాడు ఆయనే. "పచ్చగా కళకళ్లాడుతుంది."

"మీకు తోచినట్టు చెయ్యండి," అని కండక్టరమ్మ టీ చివరి చుక్క దాకా తాగింది.

ఈ సంగతి పార్కులో తెలిసేసరికి అందరూ ముక్కున వేలేసుకున్నారు. రేడియో మేస్టారు ఆవిణ్ణి చూడగానే రేడియో గట్టిగా పెంచి అటు తిరిగి నడవసాగాడు. రోజూ ఆవిడ పక్కన కూర్చునేవాళ్లు దూరంగా కూర్చున్నారు. బంధుత్వం ముందు పార్కు గుర్తుంటుందా అని ఎవరో అన్నది ఆవిడ చెవిన పడింది. ఆవిడకు బాధ కలిగింది. చెప్పేయాలని నాలుక దురద పెట్టింది కూడా. కానీ ఒకరికి చెబితే అందరికీ తెలుస్తుంది, అందరికీ తెలిస్తే వియ్యంకుడికీ తెలుస్తుంది. పైగా ఆవిడకు ఈ ఆట మహా సరదాగా ఉంది. ఆ సరదా ముందు బాధ ఎక్కువసేపు నిలబడలేదు.

వానలు బాగానే పడ్డాయి. మీటింగు రోజుకు మాత్రం ఆకాశం శుభ్రంగా ఉంది. నేల నిజంగానే పచ్చటి తివాచీలా మెరిసిపోతోంది. నలుగురు మనుషులు ఆపసోపాలు పడుతూ పెద్ద సోఫాను మోసుకొచ్చి మధ్యలో దించారు. చుట్టూ చిన్న సోఫాలు, వాటి వెనక జనానికి ప్లాస్టిక్ కుర్చీలు. సోఫాలాయన లేతరంగు సూటు వేసుకుని పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. కూతురు ఒక మూల నిలబడి తల్లి మొహం చదవడానికి ప్రయత్నిస్తోంది.

మేయరమ్మ ఊరికి ఆ చివరి నుంచి వచ్చిన మనిషి. ఈ గొయ్యి చరిత్ర ఆవిడకు తెలియదు. వచ్చి, చుట్టూ చూసి, "బాగుందే," అని పెద్ద సోఫాలో కూర్చుంది. ఆవిడ పక్కన ప్లానింగు అధికారి కూర్చున్నాడు. జనం మాత్రం అంచుల్లోనే ఆగిపోయారు.

"లోపలికి జరగండి," అంది కండక్టరమ్మ. "మధ్యలో ఎంత ఖాళీ ఉందో చూడండి. అందరికీ చోటుంది, తోసుకోకండి."

ఆ గొంతు విని ఎవరు ఆగుతారు? అందరూ లోపలికి జరిగారు. రేడియో మేస్టారు కూడా తిట్టుకుంటూనే జరిగాడు. మొదట మాట్లాడతానని కండక్టరమ్మ చెయ్యెత్తింది. మేయరమ్మ తలూపింది. సోఫాలాయన చప్పట్లు మొదలుపెట్టాడు.

"నేనీ మార్పిడిని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నానండీ," అని ఆవిడ మొదలుపెట్టింది. "మా అన్నయ్యగారి గురించి ముందు చెప్పాలి." చెప్పింది. ఆయన సోఫాల గురించి చెప్పింది. ఆయన తెప్పించే టీ గురించి కూడా చెప్పింది. తొందరేమీ పడలేదు. "ఇప్పుడు ఈ నేల సంగతి. ఎంత మెత్తగా ఉందో మీ కాళ్లకే తెలుస్తోంది. మాలాంటి మోకాళ్ల నొప్పుల వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? మొక్కలకి నీళ్లు పోసే మనిషి కూడా అక్కర్లేదు. మా అన్నయ్యగారు ఊరికి ఇస్తున్నది పైకి కనబడేదే అనుకోకండి. ఇంకా లోపల చాలా ఉంది."

సోఫాలాయన మళ్లీ చప్పట్లు కొట్టాడు. అప్పటికి పెద్ద సోఫా కుడివైపు ముందు కాలు గడ్డిలోకి దిగిపోయింది. మేయరమ్మ తనే సరిగ్గా కూర్చోలేదనుకుని సర్దుకుంది. కాసేపటికి ప్లానింగు అధికారి తన ప్రమేయం లేకుండానే ఆవిడ వైపు జరగసాగాడు. క్షమించమని లేచి, మళ్లీ మొదటి చోట కూర్చుని, మళ్లీ జరిగాడు. తర్వాత మిగతా కాళ్లు కూడా కిందికి దిగాయి. బుడుంగుమని ఒక చప్పుడైంది. పచ్చిక కింది నుంచి గోధుమరంగు నీళ్లు ఊరాయి. అంతవరకూ జనం వైపు నేరుగా చూస్తున్న మేయరమ్మ ఇప్పుడు తలెత్తి చూడవలసి వచ్చింది.

"అమ్మా," అంది మేయరమ్మ, "మీ ప్రసంగం ఇంకా ఎంతుంది?"

"అయిపోవచ్చిందమ్మా. ఇంక చెట్ల గురించే."

"చెట్ల సంగతి తర్వాత చూద్దాం. నేను మునిగేలోగా ముగించండి."

మొదట నవ్వింది రేడియో మేస్టారు. అంతలోనే ఆయన కుర్చీ పక్కకి ఒరిగి, రేడియోతో సహా పక్కాయన ఒళ్లో పడ్డాడు. ఇక నవ్వు ఆగలేదు. లేవబోయినవాళ్ల చెప్పులు నేలలో ఉండిపోయాయి. చెప్పుల కోసం వంగినవాళ్ల చేతులు దిగబడ్డాయి. సోఫాలాయన మేయరమ్మను లేపడానికి పరుగెత్తబోయి పిక్కల దాకా కూరుకుపోయాడు. చివరికి ఇద్దరు మనుషులు మేయరమ్మను రెండు చేతులూ పట్టి లాగారు. ఆవిడ బయటపడింది గానీ ఒక బూటు రాలేదు. గట్టు మీద ఒంటికాలి మీద నిలబడి, "ఈ మార్పిడి ఇలా కుదరదు," అని అధికారితో చెప్పి కారెక్కింది.

జనం నవ్వుకుంటూ వెళ్లిపోయారు. పోతూ పోతూ రేడియో మేస్టారు కండక్టరమ్మ ముందు ఆగి వంగి దండం పెట్టాడు. ఆవిడ కూడా నవ్వుతూనే ఇంటి దారి పట్టింది. పార్కు గేటు దాకా వచ్చి ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ కుర్చీల మధ్య సోఫాలాయన ఒక్కడే, లేతరంగు సూటంతా బురదై, ఆ పెద్ద సోఫా చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. అది కదలడం లేదు. ఆయన మాత్రం వదలకుండా లాగుతూనే ఉన్నాడు.

కండక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. వెనక్కి నడిచి, చెప్పులు గట్టు మీద విప్పి, సోఫా రెండో చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగారు. సోఫా కొంచెం లేచి మళ్లీ కూర్చుంది.

"చెల్లెమ్మా," అన్నాడాయన ఆవిడ వైపు చూడకుండా. "మీకు ముందే తెలుసా?"

"తెలుసన్నయ్యగారూ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఈ గొయ్యి నింపించేటప్పుడు చెప్పాను. పైన మట్టి పోస్తే లోపలి నీళ్లు ఎటు పోతాయని అడిగాను. మీరు టీ తెప్పించారు."

ఆయన కాస్త ఆలోచించాడు. "తెప్పించాను," అని ఒప్పుకున్నాడు.

"కానీ ఈసారి చెప్పలేదు. నలుగురిలో మీకు ఇలా అవుతుందని తెలిసీ ఊరుకున్నాను. అది బాగా లేదు."

"లోపల ఇంకా చాలా ఉంది అన్నారు చూశారా," అన్నాడు సోఫాలాయన. "దానికి నేను చప్పట్లు కొట్టాను."

ఆవిడకు నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వకపోవడం చూసి పెదవి కొరుక్కుంది. ఆ రోజు ఆయన నవ్వలేదు.

కూతురు కొన్నాళ్లు తల్లి గడప తొక్కలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చి మంచం మీద కూర్చుంది.

"నేను ఆయనకి వ్యతిరేకంగా ఒక్క మాట అనలేదు. నువ్వూ విన్నావుగా," అంది కండక్టరమ్మ.

"అదే నా బాధ. అని ఉంటే పోట్లాడుకుని తేల్చుకునేవాళ్లం. ఇప్పుడు మామయ్యగారికి ఏమని కోప్పడాలో తెలియక టీవీ మీద కోప్పడుతున్నారు." కూతురికి నవ్వు వచ్చి ఆపుకుంది. "ఈసారి చెప్పాల్సిందేమైనా ఉంటే ఆయన మొహం మీదే చెప్పమ్మా. నా మొహం సంగతి నేను చూసుకుంటాను."

ఆ అవకాశం త్వరలోనే వచ్చింది. మేయరమ్మ బూటు పోగొట్టుకుంది గానీ పల్లాన్ని మర్చిపోలేదు. వాన పడితే పార్కు చుట్టుపక్కల వీధులన్నీ మునుగుతున్నాయి. ఆ గొయ్యిని మళ్లీ తవ్వి చెరువు చేస్తే నీళ్లు అందులోకి పోతాయని కార్పొరేషన్ వాళ్లు కొత్త మార్పిడి తెచ్చారు. పల్లం ఊరికి ఇస్తే, సందు పక్కన కూలిపోతున్న పంపు షెడ్డు స్థలం సోఫాలాయనకు ఇస్తారు. సన్నటి ముక్కే, కానీ దాని కొస రోడ్డుకు తగులుతుంది. సోఫాలాయన దానితో పాటు పక్కనున్న చెట్టు చోటు కూడా కావాలన్నాడు. ఈసారి మీటింగు హాల్లోనే, సిమెంటు నేల మీద జరిగింది.

కండక్టరమ్మ లేచి నిలబడింది. "చెట్టుకి నేనొప్పుకోను అన్నయ్యగారూ."

సోఫాలాయన తిరిగి చూశాడు. "నిజంగా ఒప్పుకోరా, లేక ఇదీ సమర్థించడమేనా?"

"నిజంగానే. దాని నీడలో రోజుకి ఎంతమంది కూర్చుంటారో మీరే చూడండి. కూర్చోబెట్టడమే కదా మీ పనీ."

"చెట్టు అడ్డముంటే గోడ వంకర పోతుంది చెల్లెమ్మా."

"పోనివ్వండి. వంకర గోడ మీద మీ బోర్డు ఇంకా బాగా కనబడుతుంది."

"నాకు టీ కావాలి," అన్నాడు సోఫాలాయన అధికారి వైపు తిరిగి. హాల్లో టీ లేదు. వేరే దారి లేక ఆయన వాదించాడు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. మధ్యలో కూర్చున్న కూతురు ఒకసారి అటూ ఒకసారి ఇటూ తల తిప్పుతూ, పార్కు గొడవ మొదలైనప్పటి నుంచీ మొదటిసారి హాయిగా కనబడింది. చివరికి చెట్టు ఊరిదే అయింది. కొత్త షాపు కట్టినప్పుడు దాని మూల ఎవరో కొరికినట్టు లోపలికి వంగి, చెట్టుకు చోటిచ్చింది. గొయ్యి చెరువైంది. కప్పలు తిరిగి వచ్చాయి. రేడియో మేస్టారు ఇప్పుడు చెరువు చుట్టూ తిరుగుతున్నాడు. కప్పల గోలకు రేడియో వినబడటం లేదని ఆయన ఫిర్యాదు.

ఆ రోజు మీటింగయ్యి హాలు బయటికి వచ్చాక సోఫాలాయన కండక్టరమ్మ పక్కనే నడిచాడు.

"కొత్త షాపు తెరిచాక మీరు పనికి రావాలి," అన్నాడు ఉన్నట్టుండి.

"నేనా? నేనేం చేస్తాను అక్కడ?"

"మేయరంతటి మనిషిని మునిగేదాకా కదలకుండా కూర్చోబెట్టారు. నా మనుషులు కొనడానికి వచ్చినవాళ్లని కూడా కూర్చోబెట్టలేకపోతున్నారు."

ఆ మాట అన్నాక ఆయనకే నవ్వొచ్చింది. ఎన్నాళ్ల నుంచో దాచుకున్న నవ్వు కాబోలు, రోడ్డు పక్క గోడ పట్టుకుని మరీ నవ్వాడు.

కండక్టరమ్మ పనిలో చేరింది. మొదటి రోజే ఒక జంట వచ్చి షాపులోకెల్లా పెద్ద సోఫా ముందు నిలబడ్డారు. ఇద్దరికీ నచ్చింది. సోఫాలాయన దూరం నుంచి సంతోషంగా చూస్తున్నాడు.

"మీ గది ఎంతుంటుంది?" అని అడిగింది కండక్టరమ్మ.

భార్య చేతులు చాపి చూపించింది. భర్త ఆ చేతుల్ని ఇంకొంచెం దగ్గరికి జరిపాడు.

"అయితే ఈ సోఫా ఆ గదిలో బాగానే పడుతుంది. మీరిద్దరే పట్టరు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. తర్వాత ఆవిడ చూపించిన రెండు చిన్న కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చుని చాలాసేపు ఏవేవో కబుర్లు చెప్పుకున్నారు. వాటినే కొనుక్కుని వెళ్లారు. సోఫాలాయన పెద్ద సోఫా మీద దుమ్ము దులుపుతూ వచ్చాడు.

"చెల్లెమ్మా, ఇలాగైతే ఇది ఎప్పటికి అమ్ముడవుతుంది?"

"పెద్ద గది ఉన్నవాళ్లు రాకపోతారా అన్నయ్యగారూ," అంటూనే ఆవిడ తలుపు వైపు చూసింది. బయట ఎవరో గొడుగు పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక అద్దంలోంచి తొంగి చూస్తున్నారు. కండక్టరమ్మ మోకాలు పట్టుకుని లేచి, నెమ్మదిగా అటు నడిచింది.